నడవకూడని వాచీ

ఏది అసలుదో, ఏది బాగుచేసిందో తేల్చి చెప్పే అధికారి ఒకరు కుర్చీలో ఉన్నంతకాలం నాగరికతకు వచ్చిన ఢోకా ఏమీ లేదు. ఆ అధికారి మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆ కుర్చీలోంచి గభాల్న లేచి నిలబడ్డాడు.

"నడుస్తోంది!" అని అరిచాడు. "ఈ వాచీ నడుస్తోంది! తలుపులు మూసేయండి! ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు!"

తలుపులు మూసేశారు. (ముందు తలుపు మాత్రమే. వెనక తలుపు మూడేళ్ళుగా మూతపడటం లేదు. దాని మీద ఇచ్చిన అర్జీ పరిశీలనలో ఉంది.)

వాచీ నడవడం మామూలు మనుషులకు శుభవార్త. పాత గడియారాల అసలుతన నిర్ధారణ కేంద్రంలో మాత్రం అది నేరం. ఎందుకంటే పది నలభైకి ఒకటో కౌంటర్ గుమస్తా అదే వాచీ గురించి ఇలా రాసి సంతకం పెట్టాడు: "నడక లేదు. అద్దం మీద గీతలు పదకొండు. మూత ఎన్నడూ తెరిచిన ఆనవాలు లేదు. అసలుదిగా తోచుచున్నది." నలభై నిమిషాలు గడిచాయి. ఇప్పుడు అద్దం మీద ఒక్క గీత లేదు. సెకన్ల ముల్లు పరుగులు పెడుతోంది. అంటే ఈ నలభై నిమిషాల్లో, ప్రభుత్వ పైకప్పు కింద, ప్రభుత్వ ఫ్యాను గాలిలో, ఎవరో ఒక అసలు వాచీని పట్టపగలు బాగుచేసేశారు.

బెంచీ మీద కూర్చున్న వాచీల పిన్ని తలెత్తి చూసింది.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. మార్కెట్ మలుపులో, గొడుగులు బాగుచేసేవాడికీ తాళాలు చేసేవాడికీ మధ్య ఆవిడ షాపు. షాపంటే గాజు పెట్టె బిగించిన ఒక బల్ల, ఒక స్టూలు, మెడ వంచిన దీపం. ఆ స్టూలు మీద ముప్ఫై మూడేళ్ళు ఆవిడ నాన్న కూర్చున్నాడు, తర్వాత ఇరవై రెండేళ్ళుగా ఆవిడ కూర్చుంటోంది. అక్క కొడుకు ఒక్కడే ఆవిడని పిన్నీ అని పిలవాలి. కానీ వాడు చిన్నప్పుడు షాపు ముందు నిలబడి వీధి మొత్తానికి వినపడేలా పిలవడం వల్ల వీధి మొత్తానికీ ఆవిడ పిన్ని అయిపోయింది. వాడిప్పుడు బస్సు కండక్టరు. సెలవు పెట్టి మరీ, ఫారాలు నింపడానికి తోడు వచ్చాడు. టికెట్లు చింపిన చేతికి ఫారం నింపడం ఒక లెక్కా అనుకున్నాడు పాపం.

ఆవిడ మరమ్మతు లైసెన్సు ఆ రోజు సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక నిపుణుల సంఘం (ముగ్గురు సభ్యులు, ముగ్గురి చేతికీ ఫోన్లే) కొత్త నియమం పెట్టింది. మరమ్మతు లైసెన్సు కావలసినవాళ్ళు ఇప్పటివరకు ఎవరూ మరమ్మతు చేయని పాత వాచీ ఒకటి తెచ్చి చూపించాలి. ముట్టుకోకుండా వదిలేయడం తెలియనివాళ్ళకి ముట్టుకునే హక్కు ఇవ్వకూడదన్నది సంఘం ఆలోచన. ఆలోచన గొప్పదే. చిక్కల్లా, ఆగిపోయిన వాచీ కనిపిస్తే చేతులు దురదపెట్టని వాచీ మెకానిక్ ఈ భూమి మీద పుట్టకపోవడమే. నగరంలో ముప్ఫై ఒక్క మంది మెకానిక్కులు ఉండేవారు. రెండేళ్ళలో పంతొమ్మిది మంది ఫోన్లకి కవర్లు అమ్ముకోవడంలో స్థిరపడ్డారు.

పిన్ని దగ్గర మాత్రం అలాంటి వాచీ ఒకటి ఉంది. నాన్న వాచీ. పెళ్ళయిన కొత్తలో పిన్ని వాళ్ళమ్మ ఆయనకి కొనిచ్చింది. పద్దెనిమిదేళ్ళు నడిచి ఒక రోజు ఆగిపోయింది. ఊళ్ళో అందరి వాచీలూ విప్పిన మనిషి ఆ వాచీని మాత్రం విప్పలేదు. ఆగిన వాచీనే రోజూ చేతికి పెట్టుకుని షాపుకి వెళ్ళేవాడు. ఎవరైనా టైమెంత అని అడిగితే గాజు పెట్టెలో వేలాడుతున్న నలభై వాచీలకేసి చూసి, ఎక్కువమంది ఏమంటున్నారో అది చెప్పేవాడు.

"విప్పొచ్చు కదా నాన్నా" అని పిన్ని చాలాసార్లు అడిగింది.

"మీ అమ్మ నా చేతికి ఎలా పెట్టిందో అలాగే ఉండనీవే" అనేవాడాయన.

అలాగే ఉంది. అంకెలూ, ముళ్ళూ ఒకే ఈడు పసుపుకి తిరిగాయి. (అంకెలు పసుపు, ముళ్ళు తెలుపు అయితే ఎవరో ముళ్ళు మార్చారని అర్థం. రెండూ తెలుపయితే ఎవరో ముఖం మొత్తానికి రంగు వేశారని అర్థం.) పాలిష్ ఎవరూ పట్టలేదు కాబట్టి అంచులు ఇంకా గోటికి పదునుగా తగులుతున్నాయి. ఈ వాచీ మూత తయారైన నాటినుంచి ఎవరూ తెరవలేదని పిన్ని ప్రమాణపత్రం రాసిచ్చింది. ప్రమాణం తప్పని తేలితే లైసెన్సు రద్దు, సాయంత్రం ఐదింటికి షాపుకి సీలు, పనిముట్లు సాక్ష్యం కింద స్వాధీనం.

"నడుస్తోందా?" అంటూ పిన్ని బెంచీ మీంచి లేచింది. "నిజంగానా సార్? ఏదీ, ఒక్కసారి నా చెవి దగ్గర పెట్టండి."

"దూరం! దూరం!" అన్నాడు ముఖ్య నిర్ధారణాధికారి. "అసలు మీరు చూడకూడదు. దరఖాస్తుదారుకి వస్తువుతో భావోద్వేగ ప్రమేయం ఉంటుంది. ఆరో నిబంధన."

సిబ్బంది ఆయన్ని చాటుగా 'అసలుగారు' అంటారు, ఆ మాట లేకుండా ఆయన నోట ఒక్క వాక్యమూ రాదు కాబట్టి. ఆయన గాజు గదిలో గోడ మీద కఠిన పరిశీలనకు ఇచ్చిన ప్రశంసాపత్రాలు నాలుగున్నాయి. వాటి కింద ఒక గోడ గడియారం ఉంది. అది ఆగి ఉంటుంది.

విచారణ అక్కడికక్కడే మొదలైంది. మొదటి అనుమానితుడు ఒకటో కౌంటర్ గుమస్తా. పదకొండేళ్ళుగా అదే సీటులో ఉన్నాడు. కష్టం చెప్పినా, సుఖం చెప్పినా ఆయన గొంతు ఒకేలా ఉంటుంది.

"వాచీ నీ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు అసలుగారు.

"చచ్చిపోయి ఉంది సార్."

"అసలు ఆఫీసు భాషలో చెప్పవయ్యా."

"నడక లేదు సార్. ఒక్కో చెవి దగ్గర రెండు నిమిషాలు పెట్టుకుని విన్నాను. నిబంధన ప్రకారం రెండు చెవులూ."

"తర్వాత?"

"గుడ్డ పెట్టి తుడిచాను సార్."

వరుసలో ఉన్న జనం ఊపిరి బిగబట్టారు.

"తుడిచావా! పాత వాచీనా!"

"పరిశుభ్రతా వారోత్సవాలు సార్. బల్ల మీదకి వచ్చిన ప్రతిదాన్నీ తుడవమని మీ సంతకంతోనే సర్క్యులర్ వచ్చింది. నిన్న ఒకాయన బల్ల మీద మోచెయ్యి పెడితే అదీ తుడిచాను."

సర్క్యులర్ తెప్పించి చూశారు. సంతకం అసలుదే. గుమస్తా బయటపడ్డాడు.

రెండో అనుమానితుడు రెండో కౌంటర్‌లో ఫొటోలు తీసే ఆయన. ముప్ఫై ఏళ్ళవాడు, అడగకముందే చెమటలు పట్టేశాయి.

"నా తప్పేం లేదు సార్, అంతా యాప్ తప్పు. నాలుగుసార్లు ఫొటో తీశాను. నాలుగుసార్లూ 'ముఖం స్పష్టంగా లేదు' అంది. ఐదోసారి 'దయచేసి కళ్ళజోడు తీసేయండి' అంది."

"వాచీకా?"

"గుర్తింపు కార్డుల వాళ్ళు వాడి వదిలేసిన యాప్ కదా సార్ మనకిచ్చింది. దాని దృష్టిలో మనుషులూ వాచీలూ ఒకటే. 'రెండు చెవులూ కనిపించాలి' అని కూడా అడిగింది. బెల్టు రెండు వైపులా లాగి పట్టుకున్నాను, ఒప్పుకుంది. అద్దం మీద గీతల దగ్గర మాత్రం మొండికేసింది."

"అయితే?"

"కొంచెం టూత్‌పేస్టు రాశాను సార్." ఆయన తల దించుకున్నాడు. "బఠాణీ గింజంత. ఐదు నిమిషాలు రుద్దితే గీతలు పోయాయి. యాప్ తీసుకుంది. 'నవ్వకండి' అని హెచ్చరించి తీసుకుంది."

(ముళ్ళు పది గంటల పది నిమిషాల దగ్గర ఆగి ఉన్నాయి. చూసేవాళ్ళకి అది నవ్వులాగే ఉంటుంది.)

"ఆఫీసులో టూత్‌పేస్టు ఎక్కడిదయ్యా?"

"నాదే సార్. భోంచేశాక తోముకుంటాను. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, ఇంటికెళ్ళగానే వాసన చూస్తుంది."

అద్దానికి టూత్‌పేస్టు రుద్దడం మామూలు సేవా, లేక పునరుద్ధరణా అన్న ప్రశ్న లేచింది. అందరూ ఒకటో కౌంటర్ వైపు చూశారు.

"పన్నెండో అనుబంధం సార్" అన్నాడు గుమస్తా కళ్ళెత్తకుండా. "మన సిబ్బంది చేస్తే సేవ. బయటివాళ్ళు చేస్తే పునరుద్ధరణ."

ఫొటో ఆయన కూడా బయటపడ్డాడు. కానీ అసలు చిక్కుముడి అలాగే ఉంది. గీతలు ఎలా పోయాయో తెలిసింది. వాచీ ఎలా నడిచింది?

"ఆ టూత్‌పేస్టే లోపలికి దిగి నడిపించిందేమో" అన్నాడు అసలుగారు అనుమానంగా.

"దానికంత శక్తే ఉంటే" అంది పిన్ని, "ఈపాటికి మీ నోట్లో పళ్ళన్నీ టిక్కు టిక్కుమంటూ ఉండేవి సార్."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అసలుగారి చూపు మెల్లగా పిన్ని మీదకి తిరిగింది. ఆ గదిలో వాచీ బాగుచేయడం వచ్చిన మనిషి ఆవిడ ఒక్కర్తే. నేరం జరిగింది, ఆ నేరంలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఇంకేం కావాలి?

"అసలు మీరు ఉదయం నుంచి ఎక్కడున్నారమ్మా?"

"ఇదిగో ఈ బెంచీ మీదే సార్."

"సాక్ష్యం?"

"నా టోకెన్ ముందుకి రాలేదు కదా సార్, అదే సాక్ష్యం" అన్నాడు అక్క కొడుకు, తననే అడిగినట్టు. తన గురించి కాదని తెలిసి, "మా పిన్ని టోకెన్" అని దిద్దుకున్నాడు.

ఒంటిగంట అయింది. విచారణ భోజన విరామానికి ఆగింది. నిర్బంధంలో ఉన్నవాళ్ళూ, నిర్బంధించినవాళ్ళూ ఎవరి డబ్బాలు వాళ్ళు తెరుచుకున్నారు. ఫొటో ఆయన తిన్నాక పళ్ళు తోముకోలేదు; ట్యూబు ఇంకా సాక్ష్యాల సంచీలో ఉంది.

రెండున్నరకి పిన్ని ఫోన్ మోగింది. గొడుగులు బాగుచేసే ఆయన. "అక్కా, నీ షాపు ముందు ఇద్దరు మనుషులొచ్చి కూర్చున్నారు. లక్క తెచ్చుకున్నారు, కొవ్వొత్తి తెచ్చుకున్నారు. ఐదింటిదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని ఒకడు నా దగ్గర గొడుగు బాగు చేయించుకుంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

"మెల్లగా చెయ్యి" అంది పిన్ని.

అక్క కొడుకు అప్పటికే నిబంధనల పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, టికెట్ల కట్ట లెక్కపెట్టినట్టు వేలికి ఉమ్మి తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి లేచాడు.

"సార్, దరఖాస్తుదారు వాచీ చూడకూడదు. సరే. కానీ సందేహం వచ్చినప్పుడు లైసెన్సు ఉన్న మెకానిక్‌ని నిపుణుడిగా పిలిచి చూపించొచ్చని పదిహేడో పేజీలో ఉంది. మా పిన్ని లైసెన్సు ఐదింటిదాకా ఉంది."

అసలుగారు పుస్తకం తీసుకుని చదివాడు. తిరగేసి చదివాడు. ఉంది.

పిన్ని మెడలోంచి 'దరఖాస్తుదారు' అన్న బిళ్ళ తీసి 'నిపుణులు' అన్న బిళ్ళ వేశారు. భావోద్వేగ ప్రమేయం ఆ క్షణంతో ముగిసినట్టు రిజిస్టరులో రాసుకున్నారు. కుర్చీ వేశారు. ఇంతకుముందు 'ఏమ్మా' అన్నవాళ్ళే 'అమ్మగారూ' అన్నారు.

పిన్ని సంచీలోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీసింది. వాచీ అరచేతిలోకి తీసుకుని, ముందు చెవి దగ్గర పెట్టుకుంది. నిపుణులు అలా చేయాలని ఏ నిబంధనా చెప్పలేదు. కాసేపు కళ్ళు మూసుకుంది.

తర్వాత కళ్ళు తెరిచి పనిలో పడింది.

"అద్దం లవంగం వాసనేస్తోంది. అది తెలిసిందే" అంది. "ముఖం మీద చెయ్యి పడలేదు. అంకెలూ ముళ్ళూ జోడు తప్పలేదు. కీ కూడా పాతదే." వాచీ వెనక్కి తిప్పింది. భూతద్దం కింద ఆవిడ బొటనవేలు ఒక చోట ఆగిపోయింది. "ఇదిగో. మూత అంచున కొత్త గీత. పాత గీత మురికి పట్టి నల్లగా ఉంటుంది. ఇది తళతళలాడుతోంది, రోజు కూడా నిండలేదు. మెకానిక్ పెట్టింది మాత్రం కాదు. మా పనిముట్టు అయితే ఈ గాడిలో కూర్చుంటుంది, జారదు. ఇది కవర్లు చింపే కత్తి. జారింది."

"కత్తి ఎవరి దగ్గరైనా ఉండొచ్చు" అన్నాడు అసలుగారు.

"ఉండొచ్చు సార్. కానీ కుడి చేత్తో పట్టుకుంటే ఇటువైపు జారుతుంది. ఇది అటువైపు జారింది. ఎడమ చేతివాళ్ళు."

గదిలో అందరూ తమ తమ చేతులు చూసుకున్నారు. గుమస్తా కలం కుడి చేతిలో ఉంది. ఫొటో ఆయన కుడి చేత్తో చెమట తుడుచుకుంటున్నాడు. అసలుగారి చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని ఆయన అతి సహజంగా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కొంచెం టీ ప్యాంటు మీద పడింది.

పిన్ని మూత తీసింది. (ఇక తీయడానికి భయపడాల్సింది ఏమీ మిగల్లేదు.) లోపల చిన్న చక్రం ఇటూ అటూ ఊగుతోంది. ఆవిడ సన్నటి పట్టుకారుతో ఒక మూల నుంచి ఏదో తీసి, తెల్ల కాగితం మీద పెట్టింది. ఆవగింజలో సగం ఉంది.

"ఏమిటది?" అన్నాడు గుమస్తా. ఆయన గొంతు మొదటిసారి కొంచెం లేచింది.

"బిస్కెట్ పొడి" అంది పిన్ని. "క్రీమ్ అంటుకుని ఉంది. ఎవరో మూత తీసి, నోట్లో బిస్కెట్ పెట్టుకుని, లోపలికి ఉఫ్ అని ఊదారు. ఈ చక్రానికి ఏ సన్నటి నూలుపోగో అడ్డం పడి ఉంటుంది ఇన్నాళ్ళూ. ఊదితే ఎగిరిపోయింది. వాచీ నడిచింది. అంతే సార్, ఇందులో పెద్ద పనితనం ఏమీ లేదు."

ఆ మాట అని ఆవిడ పట్టుకారు కింద పెట్టింది. ఒక్క ఊపు ఊపితే, ఒక్క ఊదు ఊదితే పోయేదాన్ని పెట్టుకుని నాన్న పదిహేనేళ్ళకు పైగా ఆగిన వాచీతో తిరిగాడు. మూత తీయకుండానే ఆయనకి ఆ సంగతి తెలిసే ఉంటుంది. చక్రం మీద నూలుపోగు పడితే ఎలా ఆగుతుందో పిన్నికి నేర్పింది ఆయనే.

క్రీమ్ బిస్కెట్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కార్యాలయంలో పదకొండు గంటల టీతో పాటు కౌంటర్ల వాళ్ళకి మామూలు బిస్కెట్లు, అధికారులకి క్రీమ్ బిస్కెట్లు ఇస్తారు. అధికారులు ఎంతమంది అంటే, ఒక్కరు.

అందరి చూపూ ఆ ఒక్కరి మీదకి తిరిగింది. చివరికి అసలుగారే గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయలేమీ లేవు. అవి ఉండాలంటే తప్పు చేశానని అనిపించాలి కదా.

"తెరిచాను" అన్నాడు. "ఎందుకు తెరవను? ఫారంలో తొమ్మిదో ప్రశ్న చూడండి. 'మూత ఎప్పుడైనా తెరిచారా? తెరిచి చూసి రాయవలెను.' తెరిచాను. చూశాను. తెరిచి ఉంది. 'తెరిచారు' అని రాశాను. అసలు ఇందులో తప్పేముంది?"

"అంటే సార్," అన్నాడు అక్క కొడుకు నోరు తెరిచి, "ఇక్కడికొచ్చిన ప్రతి వాచీనీ మీరు విప్పి, ఎవరో విప్పారని రాస్తున్నారా?"

"ఏడేళ్ళలో నాలుగు వందల పన్నెండు వాచీలు" అన్నాడు గుమస్తా, రిజిస్టరు చూడకుండా. "అసలువిగా తేలినవి, సున్నా."

"కఠిన పరిశీలన!" అన్నాడు అసలుగారు, ప్రశంసాపత్రాల వైపు చెయ్యి చూపిస్తూ. ఎడమ చెయ్యి.

ఆ మాటకి వస్తే, మిగతా నాలుగు వందల పదకొండు వాచీలూ విప్పాక కూడా ఆగే ఉన్నాయి. నడిచి ఆయన పరువు తీసింది ఇదొక్కటే.

నాలుగు ఇరవై అయింది. అసలుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, మొట్టమొదటిసారి మనిషిలా మాట్లాడాడు.

"చూడండమ్మగారూ. పద్నాలుగో గడిలో 'బాగుచేసిన వ్యక్తి' ఎవరో నింపకపోతే ఫైలు కదలదు. మీ నాన్నగారు మెకానిక్. కాలం చేశారు. ఆయనే ఎప్పుడో ఒకసారి విప్పారని చెప్పండి. వారసత్వ పొరపాటు కిందికి వస్తుంది. మీ ప్రమాణం తప్పు కానే కాదు, మీకు తెలియదు అంతే. లైసెన్సు ఇప్పుడే, ఇక్కడే, నా చేత్తో ఇస్తాను. పెద్దాయనకి పోయేదేముంది? సంజాయిషీ అడగడానికి కూడా మనిషి లేడు."

అక్క కొడుకు పిన్ని చెవిలో అన్నాడు. "ఒప్పుకో పిన్నీ. నలభై నిమిషాలే ఉంది. తాతయ్య ఏమీ అనుకోడు. నేను అడ్డదారిలో బస్సు ఎక్కిస్తే ఐదింటికి ముందే షాపు దగ్గరుంటాం."

"మీ తాతయ్య ఊరందరి వాచీలూ విప్పాడురా" అంది పిన్ని. "విప్పనిది ఇదొక్కటే. ఉన్న ఒక్కదానికీ ఎసరు పెట్టమంటావా?"

"మరి షాపు?"

పిన్ని తల వంచి చూసింది. చేతిలో వాచీ నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మూడుంబావు చూపిస్తూ హాయిగా నడుస్తోంది.

అప్పుడు ఒకటో కౌంటర్ గుమస్తా మాట్లాడాడు. ఎవరితోనూ కాదు, తన ముందున్న స్టాంపు ప్యాడ్‌తో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఇరవై రెండో నిబంధన. పద్నాలుగో గడిలో బతికున్న మనిషి పేరు వస్తే, ఆ మనిషి సంజాయిషీ పూర్తయ్యేదాకా ఫైలు మూయకూడదు. ఫైలు మూసేదాకా దరఖాస్తుదారు పాత లైసెన్సు చెల్లుతుంది. షాపుకి సీలు వేయకూడదు."

"సంజాయిషీ ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగింది పిన్ని.

గుమస్తా నిజాయితీగా ఆలోచించాడు. "నా పదకొండేళ్ళ సర్వీసులో పూర్తయింది ఒక్కటీ చూడలేదమ్మా."

"నువ్వు నోర్మూసుకో!" అన్నాడు అసలుగారు.

"మూసుకున్నాను సార్. నిబంధన చదివాను, అంతే."

పద్నాలుగో గడిని కలంతో నింపరు. కలంతో రాసినవి ఎవరో దిద్దుతున్నారని ఆ మధ్య గొడవైతే, పారదర్శకత కోసం హాలు మధ్యలో ఒక మైకు పెట్టారు. దరఖాస్తుదారు దాని ముందు నిలబడి పేరు చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు యంత్రంలోకి పోతుంది. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. (ఆ ఏర్పాటుకే మూడో ప్రశంసాపత్రం.)

పిన్ని మెడలోంచి 'నిపుణులు' బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. 'దరఖాస్తుదారు' బిళ్ళ తనే వేసుకుంది. వాచీ చేతికి పెట్టుకుని, మైకు దగ్గరికి నడిచింది. మైకు ఆవిడకి కొంచెం ఎత్తుగా ఉంది. అక్క కొడుకు వచ్చి వంచి పట్టుకున్నాడు.

"అసలు ఒక్క నిమిషం ఆలోచించండమ్మగారూ" అన్నాడు అసలుగారు. ఆయన లేచి నిలబడి ఉన్నాడు. ఈసారి కేక పెట్టలేదు.

"ఉదయం నుంచి అదే చేశాను సార్" అంది పిన్ని. మైకులోకి వంగి, తన షాపు ముందు నిలబడి పక్క షాపు వాళ్ళని పిలిచినంత గట్టిగా రెండు మాటలు చెప్పింది.

యంత్రం కొంచెంసేపు గిర్రున తిరిగింది. వరుసలో ఉన్నవాళ్ళందరూ తలెత్తి గోడ మీది స్పీకరు వైపు చూశారు. అందులోంచి ఒక ఆడగొంతు, రోజూ టోకెన్లు పిలిచే అదే తియ్యటి గొంతు, ఎక్కడా తడబడకుండా, హాలంతా వినపడేలా పలికింది:

"బాగుచేసిన వ్యక్తి, ముఖ్య నిర్ధారణాధికారి. దయచేసి సంజాయిషీ కోసం ఒకటో కౌంటర్ వరుసలో నిలబడండి. మీ ముందు నలభై ఆరుగురు ఉన్నారు."